విమానంలో వైద్య అత్యవసర పరిస్థితి

విమానం గాలిలో ఉండగా ప్రయాణికుడికి ప్రాణం మీదికి వచ్చే జబ్బు గానీ, దిగేదాకా ఆగడానికి వీల్లేని అస్వస్థత గానీ కలిగితే దాన్ని విమానంలో వైద్య అత్యవసర పరిస్థితి అంటారు. సొమ్మసిల్లి పడిపోవడం, ఊపిరాడకపోవడం, ఛాతీనొప్పి, ఫిట్స్, పక్షవాతం, రక్తంలో షుగరు పడిపోవడం, ఒళ్లంతా దద్దుర్లతో గొంతు మూసుకుపోయే అలర్జీ, నెలలు నిండని కాన్పు నొప్పులు అన్నీ దీని కిందికే వస్తాయి. నేల మీద అయితే 108కి ఫోన్ చేస్తాం. పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఆ దారి లేదు. అందుబాటులో ఉండేవి ఒక మందుల పెట్టె, కొన్ని ఆక్సిజన్ సీసాలు, చాలా విమానాల్లో గుండెకు షాక్ ఇచ్చే చిన్న యంత్రం, ప్రథమచికిత్స నేర్చిన సిబ్బంది. అదృష్టం బాగుంటే ప్రయాణికుల్లో ఒక డాక్టరు.

ఇలాంటి ఘటనలు పత్రికల్లో ఆ డాక్టరు చూపిన సాహసం కథగా వస్తాయి. ఆ సాహసం నిజమైనదే, పొగడదగినదే. అయితే ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మరొకటి తేటపడుతుంది. విమానంలో చేయగల చికిత్స చాలా కొద్ది. ఆ కొద్దిపాటి చికిత్స సకాలంలో సరిగ్గా అందాలంటే రోగికి ఇంతకుముందే ఉన్న జబ్బేమిటి, ఏ మందులు వాడుతున్నారు, ఇప్పుడు ఎలా ఉంది అనే సమాచారం రోగి నుంచి సిబ్బందికి, సిబ్బంది నుంచి కెప్టెన్‌కు, అక్కడి నుంచి నేల మీది వైద్యుడికి ఎక్కడా ఆగకుండా చేరాలి. మందుల పెట్టెలో ఎన్ని మందులున్నా ఈ సమాచారం లేకపోతే అవి పనికిరావు.

ఎంత తరచుగా జరుగుతాయి

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే అధ్యయనం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 2008 జనవరి నుంచి 2010 అక్టోబరు దాకా ఐదు విమాన సంస్థల నుంచి నేల మీది వైద్య సహాయ కేంద్రానికి వచ్చిన 11,920 కేసులను అందులో పరిశీలించారు. సగటున 604 విమానాలకు ఒక ఘటన జరిగినట్టు తేలింది. సొమ్మసిల్లడం, సొమ్మసిల్లబోయినట్టు అనిపించడం 37.4 శాతం, శ్వాస ఇబ్బందులు 12.1 శాతం, వికారం, వాంతులు 9.5 శాతం. అందరూ భయపడే గుండె ఆగిపోవడం 0.3 శాతమే. దాదాపు సగం ఘటనల్లో (48.1 శాతం) ప్రయాణికుల్లోని డాక్టరు సాయపడ్డారు. విమానాన్ని దారి మళ్లించాల్సి వచ్చింది 7.3 శాతం సందర్భాల్లో.

ఇటీవలి లెక్కలు మరింత విస్తారమైనవి. 2022, 2023 సంవత్సరాల్లో 84 విమాన సంస్థల్లో నమోదైన 77,790 ఘటనల మీద 2025లో వెలువడిన అధ్యయనం 212 విమానాలకు ఒక ఘటన అని చెప్పింది. దారి మళ్లింపు మాత్రం 1.7 శాతానికి తగ్గింది. రెండు లెక్కలకూ ఇంత తేడా కనబడిందని విమానాల్లో జబ్బులు మూడింతలయ్యాయని అనుకోకూడదు. ఏది ఘటన, ఏది కాదు, ఎప్పుడు నేలకు ఫోన్ చేయాలి అన్న పద్ధతి సంస్థకూ సంస్థకూ వేరు. చిన్న అస్వస్థతకే వైద్య కేంద్రాన్ని సంప్రదించే అలవాటు పెరిగితే లెక్కా పెరుగుతుంది.

క్యాబిన్ గాలి, శరీరం

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి పీడనాన్ని 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. అంటే సీట్లో కూర్చున్న మనిషి దాదాపు ఊటీ కొండ మీద ఉన్నట్టే. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరస మట్టంగా ఉండే పీడనం 8,000 అడుగుల దగ్గర 565కి పడిపోతుంది. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు గానీ ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తులకు అందేది నాలుగో వంతు తగ్గుతుంది. ఆరోగ్యవంతుడి రక్తంలో ఆక్సిజన్ 97, 98 శాతం నుంచి తొంభైల మొదట్లోకి దిగినా అతనికి తెలియదు. నేల మీదే 92 శాతంతో నెట్టుకొస్తున్న ఊపిరితిత్తుల రోగికి, రక్తహీనత బాగా ఉన్నవారికి, బలహీన గుండె ఉన్నవారికి ఆ తగ్గుదలే ముప్పు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి కొత్త తరం విమానాల్లో లోపలి పీడనాన్ని 6,000 అడుగుల స్థాయిలోనే ఉంచుతారు. అది చెప్పుకోదగ్గ మేలు.

పీడనం తగ్గితే మూసి ఉన్న చోటి గాలి వ్యాకోచిస్తుంది. 8,000 అడుగుల దగ్గర ఆ వ్యాకోచం సుమారు 30 శాతం. చెవులు దిబ్బెడ వేయడం, కడుపుబ్బరం దీని చిన్న రూపాలు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవారికి ఇది ప్రమాదం. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో వాయుబుడగ పెట్టించుకున్నవారు అది కరిగిపోకముందే విమానమెక్కితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. కంటి ఆపరేషనే కదా, ప్రయాణానికి అడ్డేముంది అనుకునేవారు ఎక్కువ కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి.

గాలిలో తేమ 20 శాతం లోపే. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే రక్తం కాళ్లలో నిలుస్తుంది. ముందురాత్రి నిద్ర లేకపోవడం, తిండి వేళలు తప్పడం, కొందరికి మద్యం, వీటన్నిటి తర్వాత ఒక్కసారిగా లేచి బాత్‌రూమ్‌కు నడవడం. మొత్తం ఘటనల్లో మూడో వంతుకు పైగా సొమ్మసిల్లడమే ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. వీరిలో చాలామందికి పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచి, కాసేపు ఆక్సిజన్ ఇచ్చి, తేరుకున్నాక నీళ్లు తాగిస్తే సరిపోతుంది.

నర్సుల నుంచి యంత్రాల దాకా

ఎయిర్ హోస్టెస్ అనే ఉద్యోగం నర్సుతోనే మొదలైంది. అమెరికాలో అయోవా రాష్ట్రానికి చెందిన రిజిస్టర్డ్ నర్సు ఎలెన్ చర్చ్ పైలట్ కావాలని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థను అడిగింది. ఆడవారికి ఆ ఉద్యోగం ఇచ్చే రోజులు కావు. నర్సులు తోడుంటే ప్రయాణికులకు విమానమంటే భయం తగ్గుతుందని ఆమె వారిని ఒప్పించింది. 1930 మే 15న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి షికాగో వెళ్లిన విమానంలో ఆమె తొలి ఎయిర్ హోస్టెస్‌గా పనిచేసింది. ఆమెతో కలిపి మొదటి జట్టులోని ఎనిమిది మందీ నర్సులే. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సులు సైన్యానికి కావలసి రావడంతో ఆ నియమం పోయింది. మళ్లీ రాలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఎయిర్ హోస్టెస్‌ను అతిథి మర్యాదల మనిషిగానే ప్రకటనలు చూపించాయి. ఆమె మొదట భద్రత కోసం ఉన్న మనిషి అన్న సంగతిని ఆ ప్రకటనలు మరుగుపరిచాయి.

పెద్ద మార్పు 1990లలో వచ్చింది. గుండె లయ తప్పి కొట్టుకోవడం ఆగిపోయినప్పుడు షాక్ ఇవ్వడంలో ఒక్కో నిమిషం ఆలస్యానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. విమానం ఎంత వేగంగా దిగినా ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే షాక్ ఇచ్చే యంత్రం విమానంలో లేకపోతే ఆ రోగికి ఆశ లేనట్టే. తానే గుండె లయను చదివి, షాక్ కావాలో వద్దో చెప్పే ఏఈడీ యంత్రాన్ని వర్జిన్ అట్లాంటిక్ 1990లో, ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్ 1991లో విమానాల్లో పెట్టాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1997లో మొదలుపెట్టింది. ఆ సంస్థ అనుభవం 2000లో అచ్చయింది. యంత్రాన్ని 200 సార్లు వాడగా షాక్ అందుకున్నవారిలో 40 శాతం మంది ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లారు. అవసరం లేనివారికి ఒక్కసారి కూడా షాక్ ఇవ్వలేదు. నగరాల్లో రోడ్ల మీద గుండె ఆగినవారిలో బతికేవారు ఎంత తక్కువో తెలిసిన వైద్యులను ఈ ఫలితం కదిలించింది.

అమెరికా కాంగ్రెస్ 1998లో విమాన వైద్య సహాయ చట్టం చేసింది. అక్కడి విమానయాన శాఖ 2001లో నియమం తెచ్చి, 2004 ఏప్రిల్ నాటికి ఒక పరిమాణానికి మించిన ప్రతి ప్రయాణికుల విమానంలో ఏఈడీ, విస్తరించిన మందుల పెట్టె ఉండాలని గడువు పెట్టింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) మాత్రం ఏఈడీని తప్పనిసరి చేయలేదు. ముప్పును అంచనా వేసుకుని విమాన సంస్థే నిర్ణయించుకోవాలని వదిలేసింది. గుండెకు ఏ దేశపు విమానంలో కూర్చున్నామన్నది తెలియదు కాబట్టి ఈ మినహాయింపు సమంజసంగా అనిపించదు.

పెట్టెలో ఏముంటుంది

ఐకావో నియమాల ప్రకారం పెట్టెలు మూడు రకాలు. కట్లు, దూది, మామూలు మాత్రలుండే ప్రథమచికిత్స పెట్టెలు సీట్ల సంఖ్యను బట్టి ఉంటాయి: వంద సీట్ల దాకా ఒకటి, రెండు వందల దాకా రెండు, ఆ లెక్కన పైకి. రక్తం, వాంతుల వంటివి శుభ్రం చేసేటప్పుడు అంటురోగాలు సోకకుండా కాపాడే తొడుగుల పెట్టె ఒకటి. వంద మందికి మించి ప్రయాణిస్తూ, రెండు గంటలకు మించి ఎగిరే విమానాల్లో వైద్యుడు వాడే మందుల పెట్టె మూడోది. భారత్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలూ ఈ బాటలోనే ఉన్నాయి.

డాక్టరు పెట్టెకు అమెరికా జాబితా మంచి నమూనా. బీపీ యంత్రం, స్టెతస్కోపు, శ్వాసమార్గం తెరిచి ఉంచే గొట్టాలు మూడు సైజుల్లో, చేత్తో ఊపిరి అందించే బ్యాగు, సూదులు, సిరంజీలు, సెలైన్ ఎక్కించే సామగ్రి. మందుల్లో ఆస్పిరిన్, నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్, ఆస్తమాకు పీల్చే మందు, అలర్జీకి ఎపినెఫ్రిన్, యాంటీహిస్టమిన్ సూదిమందులు, షుగరు పడిపోయినవారికి 50 శాతం డెక్స్‌ట్రోజ్, గుండె వేగం పడిపోతే అట్రోపిన్. సెలైన్ 500 మిల్లీలీటర్ల సంచి ఒక్కటే. దేశీయ విమానానికి ఇది చాలు. పదహారు గంటలు సముద్రాల మీదుగా వెళ్లే విమానానికి చాలదు. పసిపిల్లలకు తగిన మోతాదులు, పరికరాలు చాలా పెట్టెల్లో తక్కువ. అందుకే దూరప్రయాణాలు నడిపే మంచి సంస్థలు కనీస జాబితాకు మించి సర్దుకుంటాయి.

ఆక్సిజన్ గురించి ఒక అపోహ ఉంది. తల మీది నుంచి జారిపడే మాస్కుల్లో వచ్చేది జబ్బుపడినవారి కోసం కాదు. క్యాబిన్ పీడనం హఠాత్తుగా పోతే విమానం కిందికి దిగేదాకా, పన్నెండు పదిహేను నిమిషాలకు సరిపోయేలా చాలా విమానాల్లో రసాయన చర్యతో పుట్టే ఆక్సిజన్ అది. రోగికి ఇచ్చేది చేత్తో మోసే సీసాల నుంచి. 310 లీటర్ల సీసాను నిమిషానికి 4 లీటర్ల చొప్పున వాడితే గంటంబావు వస్తుంది. అట్లాంటిక్ మధ్యలో ఊపిరాడని రోగి ఉంటే కెప్టెన్ మొదట లెక్కపెట్టేది ఈ సీసాలనే.

సిబ్బంది ఏం చేస్తారు

శిక్షణలో క్యాబిన్ సిబ్బందికి ముగ్గురు మనుషుల పద్ధతి నేర్పుతారు. రోగిని మొదట చూసినవారు అక్కడే ఉండిపోయి చికిత్స మొదలుపెడతారు. రెండోవారు పెట్టె, ఆక్సిజన్, ఏఈడీ తెస్తారు. మూడోవారు కాక్‌పిట్‌కు విషయం చెప్పి, మాట అటూ ఇటూ చేరవేస్తారు. ఈ మూడో మనిషి పని తేలికగా కనబడుతుంది గానీ ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు అదే. తలుపుకు అటువైపున్న కెప్టెన్‌కు రోగి కనబడడు. వయసు, లక్షణాలు, ఎప్పుడు మొదలైంది, స్పృహ ఉందా, నాడి ఎంత అన్నవి కాగితం మీద రాసి పంపడం, మార్పు వచ్చినప్పుడల్లా మళ్లీ చెప్పడం అందుకే అవసరం.

స్పృహ లేక ఊపిరి తీయని మనిషికి సీట్లో సీపీఆర్ చేయలేరు. సీట్ల మధ్య దారి అరమీటరు కూడా ఉండదు. పట్టి లాగి, వంటసామాన్లుండే గ్యాలీ దగ్గరో తలుపు దగ్గరో నేల మీద పడుకోబెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. ఇంజిన్ల హోరులో స్టెతస్కోపులో ఏమీ వినబడదు. అనుభవమున్న డాక్టర్లు మణికట్టు నాడిని వేళ్లతో పట్టుకుని, బీపీ పట్టీ గాలి వదులుతూ నాడి తిరిగి అందిన చోట పై బీపీ చదువుతారు.

డాక్టరు ఉన్నారా అని అడిగినప్పుడు లేచి నిలబడిన మనిషి డాక్టరేనా అని సిబ్బందికి సందేహం రావచ్చు. 2016లో ఒక అమెరికా విమానంలో సాయానికి లేచిన నల్లజాతి వైద్యురాలిని సిబ్బంది నమ్మకపోవడం అక్కడ పెద్ద చర్చకు దారితీసింది. ఆ తర్వాత ఆ సంస్థ గుర్తింపు పత్రం చూపాలన్న పట్టు వదిలింది. డాక్టరంటే ఇలా ఉంటారన్న మనసులోని బొమ్మ రోగి ప్రాణానికి అడ్డుపడకూడదు. సిబ్బందికి ఈ పాఠం కూడా సీపీఆర్ అంత గట్టిగా నేర్పాలి.

నేల మీది వైద్యుడు

చాలా పెద్ద విమాన సంస్థలు ఇరవై నాలుగు గంటలూ పనిచేసే వైద్య సహాయ కేంద్రాలతో ఒప్పందం చేసుకుంటాయి. వీటిలో పేరున్న మెడ్ ఎయిర్‌ను అమెరికాలోని ఫీనిక్స్‌లో 1985లో జోన్ సలివాన్ గారెట్ స్థాపించారు. ఆమె హెలికాప్టర్ అంబులెన్సుల్లో పనిచేసిన నర్సు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యుల కేంద్రం మరొకటి. శాటిలైట్ ఫోనులోనో రేడియోలోనో కెప్టెన్ గానీ సిబ్బంది గానీ మాట్లాడితే, విమానాల్లో ఏమేం మందులుంటాయో తెలిసిన అత్యవసర వైద్యుడు సలహా ఇస్తాడు. విమానంలో లేచిన డాక్టరు చర్మవ్యాధుల నిపుణుడు కావచ్చు, వైద్య విద్యార్థి కావచ్చు. వారికి ఈ గొంతు కొండంత అండ. దారి మళ్లించాలా వద్దా, ఏ నగరంలో ఎలాంటి ఆస్పత్రి ఉంది అన్నది కూడా ఈ కేంద్రమే చెబుతుంది.

దారి మళ్లింపు

తుది నిర్ణయం కెప్టెన్‌దే. డాక్టరుది సలహా. రోగి ఒక్కడే అయినా విమానంలో మరో మూడు వందల మంది ఉంటారు. దగ్గరి విమానాశ్రయంలో రన్‌వే చాలినంత ఉందా, వాతావరణం ఎలా ఉంది, రాత్రిపూట తెరిచి ఉంటుందా, ఊళ్లో గుండె చికిత్స దొరుకుతుందా, సిబ్బంది పని గంటలు మించిపోతాయా అన్నీ చూడాలి. బరువు మరో చిక్కు. బోయింగ్ 777-300ఈఆర్ 351 టన్నుల దాకా బరువుతో ఎగరగలదు. దిగడానికి అనుమతించిన బరువు 251 టన్నులే. ఎగిరిన కాసేపటికే దిగాలంటే ఇంధనాన్ని గాలిలో వదిలేయాలి, లేదా ఎక్కువ బరువుతోనే దిగి తర్వాత పరీక్షలు చేయించాలి. మన దేశీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే ఏ320, 737 విమానాల్లో ఇంధనం వదిలే ఏర్పాటే లేదు.

దగ్గరి ఊరికన్నా గంట దూరంలోని మంచి ఆస్పత్రి మేలు కావచ్చు. కొన్నిసార్లు గమ్యమే దగ్గర. భారత్‌లో నాగ్‌పూర్, హైదరాబాద్ దేశం నడుమ ఉండటంతో ఉత్తర దక్షిణ మార్గాల విమానాలకు ఆదరువుగా నిలుస్తాయి. గల్ఫ్ మార్గంలో లెక్క వేరు. 2021 మార్చిలో షార్జా నుంచి లక్నో వస్తున్న ఇండిగో విమానం ఒక వృద్ధ ప్రయాణికుడి కోసం కరాచీలో దిగింది. దిగేసరికే ఆయన మరణించారు. రెండు దేశాల మధ్య మాటలు కరువైన రోజుల్లో కూడా వైద్య అత్యవసరానికి రన్‌వే దొరికింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేయడంతో ఆ దారులే మారిపోయాయి. దారి పొడవైతే రోగికి నేల కూడా దూరమవుతుంది.

కొన్ని ఘటనలు

వైద్య చరిత్రలో నిలిచిపోయిన ఘటన 1995 మేలో హాంకాంగ్ నుంచి లండన్ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో జరిగింది. విమానాశ్రయానికి వస్తూ బైకు మీంచి పడిన ప్రయాణికురాలు మొదట చెప్పింది చేతినొప్పి గురించే. నాటింగ్‌హామ్ ఎముకల వైద్య ప్రొఫెసర్ ఆంగస్ వాలెస్, మరో యువ వైద్యుడు టామ్ వాంగ్ చేతికి కట్టు కట్టారు. విమానం పైకి వెళ్లాక ఛాతీనొప్పి, ఆయాసం మొదలయ్యాయి. పక్కటెముక విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని అప్పుడు తెలిసింది. పీడనం తగ్గేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి గుండెను నొక్కుతుంది. పెట్టెలోని మత్తుమందు ఇచ్చి, మూత్రం తీసే గొట్టంలోకి కోటు హ్యాంగర్ తీగను ఊతంగా దూర్చి, బ్రాందీతో శుభ్రం చేసి, ఛాతీలోకి పంపారు. గొట్టం రెండో కొసను మంచినీళ్ల సీసాలో ముంచి గాలి వెనక్కి పోకుండా కవాటంగా వాడారు. ఆమె కోలుకుంది. అందరూ హ్యాంగరునే గుర్తుపెట్టుకున్నారు. బైకు మీంచి పడిన సంగతి విమానం ఎక్కకముందే పూర్తిగా తెలిసి ఉంటే ఆమె విమానంలో ఉండేదే కాదు.

తెలుగువారికి దగ్గరి ఘటన 2022 జులైలో జరిగింది. ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తున్న అర్ధరాత్రి విమానంలో ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన ఒక సీనియర్ పోలీసు అధికారికి అస్వస్థత కలిగింది. అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ స్త్రీవైద్య నిపుణురాలు. సిబ్బంది పిలుపు విని ఆమే వెళ్లి ఆయన్ను పడుకోబెట్టి ప్రథమచికిత్స చేశారు. ఆయనకు డెంగీ అని తర్వాత ఆస్పత్రిలో తేలింది. అంతకు ముందు 2021 నవంబరులో ఢిల్లీ నుంచి ముంబై వెళ్తున్న విమానంలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి, పిల్లల శస్త్రవైద్యుడు భగవత్ కరాడ్ కూడా ఇలాగే ఒక ప్రయాణికుడికి సాయపడ్డారు.

2022 నవంబరులో లండన్ నుంచి బెంగళూరు వస్తున్న ఎయిరిండియా విమానంలో ఒక ప్రయాణికుడి గుండె రెండుసార్లు ఆగింది. బర్మింగ్‌హామ్‌లో కాలేయ వైద్యుడైన విశ్వరాజ్ వేమల తల్లిని వెంటబెట్టుకుని స్వదేశానికి వస్తున్నారు. దాదాపు ఐదు గంటలు ఆయన, సిబ్బంది రోగిని నిలబెట్టారు. తోటి ప్రయాణికుల దగ్గరి నుంచి బీపీ యంత్రం, షుగరు చూసే యంత్రం, ఆక్సిజన్ కొలిచే పరికరం వంటివి అడిగి తెచ్చుకున్నారు. ముంబైలో దిగాక రోగి ఆస్పత్రికి చేరి బతికారు.

ప్రతి కథా ఇలా ముగియదు. 2023 ఆగస్టులో బెంగళూరు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పుట్టుకతో గుండెజబ్బున్న పసిబిడ్డకు ఊపిరి ఆగింది. అదే విమానంలో ఉన్న ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు సీపీఆర్ చేసి, ఏఈడీ వాడి, గుండె మళ్లీ కొట్టుకునేలా చేశారు. విమానం నాగ్‌పూర్‌లో దిగింది. కొద్ది రోజుల తర్వాత బిడ్డ ఆస్పత్రిలో కన్నుమూసింది. గాలిలో ఆ వైద్యులు చేసిన పని విలువ దీనివల్ల తగ్గదు.

మరణం సంభవిస్తే

1977 నుంచి 1984 వరకు 42 విమాన సంస్థల్లో జరిగిన 577 మరణాలను పరిశీలించిన అధ్యయనం పది లక్షల మంది ప్రయాణికులకు 0.31 మరణాలని లెక్కగట్టింది. వాటిలో సగానికి పైగా గుండె కారణంగానే. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (ఐయాటా) మార్గదర్శకాల ప్రకారం అరగంట సీపీఆర్ చేసినా ప్రాణం ఉన్న గుర్తు లేక, ఏఈడీ షాక్ సూచించకపోతే మరణించినట్టు భావించవచ్చు. దేహాన్ని జనం తక్కువున్న వరుసలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మెడ దాకా దుప్పటి కప్పుతారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో తన అతిదూర ఏ340-500 విమానాల్లో దీనికోసం ఒక అరను ప్రత్యేకించింది. పక్కనే కూర్చున్న కుటుంబసభ్యులతో మాట్లాడటం, వారికి ఏకాంతం ఇవ్వడం కూడా సిబ్బంది శిక్షణలో భాగం.

చట్టం

1998 నాటి అమెరికా చట్టం ప్రతిఫలం ఆశించకుండా సాయపడిన వైద్యులకు, తీవ్రమైన నిర్లక్ష్యం లేనంతవరకు, దావాల నుంచి రక్షణ ఇస్తుంది. బ్రిటన్‌లో సాయపడాలన్న చట్టబద్ధ బాధ్యత లేదు. ఫ్రాన్స్, జర్మనీల్లో ఉంది. మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షను సాయపడేవారిని కాపాడుతుంది గానీ అది రోడ్డు ప్రమాదాలకే పరిమితం. ఎదుటి మనిషి మేలు కోరి సద్బుద్ధితో చేసిన పనికి భారతీయ న్యాయ సంహితలోని 30వ సెక్షను క్రిమినల్ కేసుల నుంచి కొంత అడ్డు. ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధ్యత గుర్తుచేసిన దేశం, విమానంలో ఆ బాధ్యత తీర్చినవారికి రక్షణను అంత స్పష్టంగా రాసిపెట్టలేదు. ఆ లోటు తీరాలి.

విమాన సంస్థల బాధ్యతను 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం నిర్ణయిస్తుంది. భారత్ 2009లో అందులో చేరింది. ప్రయాణికుడి గాయానికో మరణానికో కారణం “ప్రమాదం” అయితేనే సంస్థ పరిహారం ఇవ్వాలి. దానంతట అది వచ్చిన గుండెపోటు ప్రమాదం కాదు. మరి సిబ్బంది ప్రవర్తన? దీని మీద పెద్ద తీర్పు అంతకు ముందటి వార్సా ఒప్పందం కింద వచ్చింది. 1998లో ఈజిప్ట్ నుంచి ఏథెన్స్ మీదుగా అమెరికా వెళ్తున్న ఒలింపిక్ ఎయిర్‌వేస్ విమానంలో ఆస్తమా ఉన్న ఒక వైద్యుడికి సిగరెట్లు తాగేవారికి దగ్గరి సీటు వచ్చింది. పొగ పడదని, సీటు మార్చమని భార్య మూడుసార్లు అడిగింది. ఎయిర్ హోస్టెస్ కుదరదంది. ఆయన విమానంలోనే చనిపోయారు. ఆ నిరాకరణే “ప్రమాదం” అని 2004లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఖాళీ సీట్లున్నాయని విచారణలో తేలింది. కావలసిన సమాచారం సిబ్బందికి చేరింది, మూడుసార్లు చేరింది. వినలేదు.

ప్రయాణానికి ముందు

జబ్బు ముందే తెలిసినవారికి ఐయాటా రూపొందించిన మెడిఫ్ అనే పత్రం ఉంది. చికిత్స చేసే డాక్టరు నింపితే విమాన సంస్థ వైద్యులు పరిశీలించి అనుమతి, ఆక్సిజన్, చక్రాల కుర్చీ, స్ట్రెచర్ ఏర్పాటు చేస్తారు. గల్ఫ్‌లో పక్షవాతం వచ్చో, ప్రమాదంలోనో మంచానపడిన నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ జిల్లాల కార్మికులు ఇంటికి చేరేది ఈ పత్రంతోనే. స్ట్రెచర్ పరచడానికి ఆరు నుంచి తొమ్మిది సీట్ల చోటు కావాలి, తోడుగా నర్సో బంధువో ఉంటారు. ఇంత జబ్బుతో ఉన్న మనిషి క్షేమంగా చేరుతున్నాడంటే ఆయన పరిస్థితి ఎక్కకముందే అందరికీ తెలిసి ఉండటమే కారణం. మామూలు నియమాలు కొన్ని: సాఫీగా కోలుకుంటున్నా గుండెపోటు వచ్చాక కనీసం కొద్ది రోజులు, తీవ్రతను బట్టి పది రోజులు లేదా అంతకు మించి ఆగాలి. పెద్ద పొట్ట ఆపరేషన్ తర్వాత పది రోజులు. కొత్తగా వేసిన పిండికట్టుతో ఒకటి రెండు రోజులు. ఒకే బిడ్డ అయితే 36 వారాలు, కవలలైతే 32 వారాలు దాటాక సాధారణంగా ఎక్కనివ్వరు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన అమ్మానాన్నల సంగతి వేరుగా చెప్పాలి. కూతురి కాన్పుకో మనవడి కోసమో ఒంటరిగా, రెండు విమానాలు మారుతూ, ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేస్తారు. చాలామందికి బీపీ, షుగరు ఉంటాయి. జబ్బు చెబితే ఎక్కనివ్వరేమోనని దాస్తారు. మందులు పెద్ద సూట్‌కేసులో పెట్టి కింద లగేజీలో వేస్తారు. ఛాతీలో బరువుగా ఉన్నా ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని, ఇంగ్లిషులో ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంటారు. “గ్యాసేమోలే” అనుకుంటారు. ఇక్కడ అడ్డం పడేది భాష, మొహమాటం.

దీనికి పిల్లలు చేయగల పని ఉంది. ఒక కాగితం మీద ఇంగ్లిషులో పేరు, వయసు, జబ్బులు, చేసిన ఆపరేషన్లు, అలర్జీలు, చేరే ఊళ్లోని ఫోన్ నంబరు రాసి, దాన్ని పాస్‌పోర్టుతో పాటే ఉంచాలి. మందులకు బ్రాండు పేరు కాక అసలు పేరు రాయాలి. ఎకోస్ప్రిన్ అంటే ఫీనిక్స్‌లో ఫోన్ ఎత్తిన వైద్యుడికి తెలియకపోవచ్చు. ఆస్పిరిన్ అంటే వెంటనే తెలుస్తుంది. గ్లైకోమెట్‌కు మెట్‌ఫార్మిన్ అని రాయాలి. పాత ఈసీజీ నకలు ఒకటి జత చేస్తే మేలు, కొత్త ఈసీజీలో మార్పు నిజమైనదో కాదో నేల మీద తేల్చుకోవచ్చు. మాట చేరవేయడానికి తెలుగు తెలిసిన ప్రయాణికుడు ఉన్నారేమో అడగమని సిబ్బందిని కోరే ఇంగ్లిషు వాక్యం కూడా అదే కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. హైదరాబాద్ నుంచి వెళ్లే విమానంలో అలాంటివారు దొరక్కపోవడం అరుదు.

మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి, ప్రయాణం ఆలస్యమైనా సరిపోయేలా రెండు మూడు రోజులవి ఎక్కువగా. ఇన్సులిన్‌ను కింది లగేజీలో పెడితే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. భోజనం ట్రే ఎదురుగా వచ్చాకే సూది వేసుకోవాలి, ఎందుకంటే కుదుపుల వల్ల వడ్డన ఆగిపోతే షుగరు పడిపోతుంది. పడమటికి వెళ్తే రోజు పొడవవుతుంది, తిరుగు ప్రయాణంలో కురచవుతుంది. ఇన్సులిన్ మోతాదు, వేళలు రెండు వైపులకూ వేర్వేరుగా డాక్టరుతో రాయించుకుని ఆ కాగితానికి వెనకవైపు అంటించాలి.